మెట్ల కింద పాట

ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేవాళ్లంతా నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "ఒంట్లో ఎలా ఉందక్కా?"

మొదట్లో మురిసిపోయాను. నా తోడబుట్టినవాళ్లు కూడా ఇంతగా అడగలేదు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనేదాన్ని. ఆ మాటకు వాళ్ల మొహాలు కాస్త వాడిపోయేవని గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది.

వాళ్లు మా ఆయన అభిమానులు. ఆయన గేట్లు, కిటికీ గ్రిల్లులు వెల్డింగ్ చేస్తారు. వయసులో ఉండగా ఒకే ఒక్క ఆల్బమ్ పాడారు. పొలం పనుల పాటల బాణీలు తీసుకుని, వాటికింద ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు పెట్టి, తన గొంతు మాత్రం గట్టు మీద నిలబడి ఎవరినో పిలిచినట్టు వదిలేశారు. అప్పట్లో ఎవరూ కొనలేదు. ఇప్పుడేమో ఆ నల్ల రికార్డు కోసం జనం కొట్టుకుంటున్నారు.

దాన్ని రికార్డు చేసింది మా ముందుగదిలోనే, డాబా మెట్ల కింద. అందుకని వినడానికి కూడా ఇక్కడికే వస్తారు. వాళ్లందరికీ పెద్ద, ఒక చెవుల డాక్టరుగారు. వారమంతా ఊళ్లోవాళ్ల చెవుల్లో గుబిలి తీసి, ఆదివారం తన చెవులు మాకు అప్పగిస్తారు. ఏ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ కుర్చీ కిర్రుమందో ఆయనకు కంఠతా వచ్చు. బ్యాంకులో పనిచేసే అమ్మాయొకతి ఎప్పుడూ కళ్లు మూసుకునే వింటుంది. రెండో వైపు ఆఖరి పాట మొదలైందంటే ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. చివరి చరణం వచ్చేసరికి అందరికీ కళ్లనీళ్లే. నిజం చెప్పొద్దూ, నాకూ వస్తాయి. అలాంటి గొంతు మనిషికి ఒక్కసారే వస్తుంది.

ఆ చరణం నా సవతిది. ఆల్బమంతా అయిపోయినా ఆ ఒక్కటీ కుదరక ఆగిపోయిందట. ఒకరోజు వానలో డాబా మీది బట్టలు తీసుకుని దిగుతూ ఆవిడ తడిమెట్టు మీద జారింది. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. కిందపడి, అక్కడే పోయింది. ఆ తర్వాత వచ్చింది చరణం. పోయినవాళ్లంతా మంచివాళ్లే అంటారు. ఈవిడ పోయి ఏకంగా పాటైంది. ఇక ఆవిడతో పోటీపడి నేనేం గెలుస్తాను?

పెళ్లికి ఆయన నాకు నగ చేయించలేదు. ఆ మెట్లకు ఇనుప రెయిలింగు చేసి బిగించారు. పైనుంచి కిందదాకా అరచేతికి ఒక్క గరుకు తగలకుండా అరగదీశారు. "నువ్వు పడకూడదు" అన్నారు. అంతకంటే ప్రేమగా నాతో ఎవరూ మాట్లాడలేదు.

రెండో ఆల్బమ్ మాట ఎత్తింది డాక్టరుగారే. మా ఆయన మొదట నవ్వేశారు. కానీ చెవినిల్లు కట్టుకుని పోరితే రాయైనా కదులుతుంది. అటక మీది గిటారు దిగింది. పాటలు వచ్చాయి. వచ్చినవాళ్లు విని "బాగుంది గురువుగారూ" అన్నారు, బాగాలేదని తెలిసేలా.

ఒక ఆదివారం నేను గది మూల కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్స్ కుడుతున్నాను. డాక్టరుగారు ఆయనతో అన్నారు. "గొంతులో లోపమేం లేదండీ. మీరు సుఖంగా ఉన్నారు. అదీ సంగతి."

బ్యాంకమ్మాయి కళ్లు తెరిచి నా వైపు చూసింది. మంచం పట్టినవాళ్లను చూసినట్టు జాలిగా చూసింది.

తర్వాత గదిని పాతరోజుల్లో ఉన్నట్టు మార్చడం మొదలుపెట్టారు. పాత ఫొటో ఒకటి పట్టుకొచ్చి, దాన్ని చూస్తూ నా పరదాలు తీసేశారు. నా మిషన్ వంటింట్లోకి నెట్టారు. అప్పటి శబ్దం రావాలంటే అప్పటి గదే ఉండాలట. సణిగాను, సర్దుకున్నాను. చివరికి డాక్టరుగారు ఆయనచేత గిటారు లావుతీగ మీటించి, రెయిలింగు మీద అరచెయ్యి పెట్టారు.

"ఇదీ మోగుతోంది. ప్రతి పాటలోనూ దీని రొద పడుతోంది."

అబద్ధం కాదు. నేనూ చెయ్యి పెట్టి చూశాను. ఇనుము సన్నగా వణుకుతోంది.

"గుడ్డ చుట్టండి" అన్నాను.

"చుట్టినా పోదక్కా."

"పోకపోతే పోనివ్వండి. మనిషి కంటే పాట ఎక్కువా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో ఒక్కరికి "కాదు" అనడానికి నోరు రాలేదు. నా మొగుడైనా అంటాడేమోనని చూశాను. ఆయన లోపలికెళ్లి స్పానర్ తెచ్చారు.

"కొద్దిరోజులే. రికార్డింగ్ అయ్యాక మళ్లీ నేనే బిగిస్తాను" అన్నారు, నా మొహం చూడకుండా.

రికార్డింగ్ రోజు పొద్దున ఎండ బాగా కాసింది. బట్టలు ఉతికి డాబా మీద ఆరేశాను. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. ముందుగదిలో మైకులు పెట్టుకుని, కిటికీలు మూసుకుని, ఆయన ఆఖరి పాట అందుకున్నారు. చినుకులు మొదలయ్యాయో లేదో, బ్యాంకమ్మాయి పిల్లిలా వంటింట్లోకొచ్చి నా చెవిలో గుసగుసగా అంది. "అక్కా, మీ బట్టలు తడిసిపోతాయి."

నువ్వే వెళ్లి తేవచ్చు కదమ్మా అనాలని అప్పుడు తట్టలేదు. బట్టలు తడుస్తున్నాయంటే ఏ ఇల్లాలి కాళ్లు ఆగుతాయి? గోడ పట్టుకుని పైకెళ్లాను. తడిబట్టల మూట రెండు చేతులా వాటేసుకుని వెనక్కొచ్చేసరికి, డాబా తలుపులోంచి జల్లు కొట్టి మెట్లన్నీ మెరుస్తున్నాయి. పక్కన రెయిలింగు ఊడదీసిన బొక్కలు కనిపిస్తున్నాయి.

"ఏమండీ, కాస్త వచ్చి చెయ్యందివ్వండి" అని పిలిచాను.

డాక్టరుగారు పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

మా ఆయన తలెత్తారు. నన్ను చూశారు. తడిమెట్లను చూశారు. తీగల మీద వేళ్లు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు జీరపోయింది, మరుక్షణం తెరుచుకుంది. ఆ పాత గొంతు, రికార్డులో తప్ప నేనెన్నడూ వినని గొంతు. కింద కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన నా కోసం ఏడుస్తున్నారు. నేనింకా మొదటి మెట్టు మీద కాలైనా పెట్టలేదు.

మూట ఒళ్లో పెట్టుకుని డాబా గడప మీదే చతికిలబడ్డాను.

పాట చివరి చరణం దాకా వచ్చి ఆగింది. ఎవరూ లేవలేదు. మైకులు ఆపలేదు. అందరూ తలలెత్తి నా వైపే చూస్తూ కూర్చున్నారు. వాళ్లతోపాటు ఆయన కూడా.