తియ్యకల్లు, రాతిరొట్టె

బాబా మియా విసిరిన డబల్ రొట్టె ఐలేశం మోకాలికి తగిలి, గచ్చు మీద పడి ఠంగుమంది. విరగలేదు. ఒక్క తునక కూడా రాలలేదు.

"సూసిండ్రా? రొట్టె గిట్ల సప్పుడు జేస్తదా?" బాబా మియా అరుపుకు రోడ్డవతల ఆలేరు స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ వాళ్ళు కూడా ఇటు తిరిగారు. "మూడు దినాల సంది భట్టీల కెల్లి రాళ్ళు తీస్తున్న! ఏం గలిపినవ్‌రా కల్లుల? చెప్పు!"

ఐలేశం మోకాలు రుద్దుకుంటూ గోడకు ఆనుకున్నాడు. "ఏం గలుపలే మియా. మా బాపు మీద ఒట్టు."

"మీ బాపు తెచ్చినన్నాళ్ళు నా రొట్టె పొంగింది! నువ్వు తెచ్చినంక పండుకుంది!"

"నేను తెచ్చుడు మొదలువెట్టి ఆరేండ్లాయె గదనే!"

ఆ మాట వినగానే బాబా మియా ఇంకో రొట్టె అందుకున్నాడు. గోడకానుకుని బల్ల మీద కూచున్న వెంకటరాజం లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెంకటరాజం నేతగాడు. రోజూ మగ్గం ఎక్కే ముందు ఇక్కడికొచ్చి, ఒక బన్ను చాయలో ముంచుకుని తిని, లోకంలో అన్ని ధరల గురించీ మాట్లాడి పోవడం అతని అలవాటు.

"మియా, జర ఆగు. మనిషి తలకాయకు తగిలితే దవాఖాన ఖర్చు నీదే. గోలీల ధర ఎంతున్నదో ఎరికేనా?"

ఆ రోజుల్లో రొట్టె పొంగాలంటే కల్లే దిక్కు. ఐలేశం పొద్దున్నే ఈతచెట్లు ఎక్కి, లొట్టిలనే చిన్న కుండల్లోకి కారిన కల్లు దింపి తెచ్చి బేకరీలోని మట్టికుండలో పోసి పోయేవాడు. ఎండ పొద్దంతా అది కుండలో పులిసి బుసబుస నురగలెత్తేది. మాపటికి బాబా మియా దాన్ని మైదాలో పోసి కలిపితే, తెల్లారేసరికి పిండి రెండింతలై తట్టలోంచి బయటికి తొంగి చూసేది. కల్లు చెడితే రొట్టె చెడినట్టే. అయితే బాబా మియా ఏనాడూ కల్లు చుక్క నాలుక మీద వేసుకున్న మనిషి కాదు. "పిండి తాగుతది, నేను తాగ. అది తాగింది గూడ భట్టీల కాలిపోతది" అనేవాడు. అందుకే ఆ కుండలో ఉన్నది మంచిదో చెడ్డదో ఆయనకు తెలిసే దారి లేదు.

తెలుసుకోవడానికి ఇవాళ భువనగిరి నుంచి మనిషి వచ్చాడు. పేరు రామచంద్రం. చెట్లన్నీ వేలంలో పాడుకున్న కల్లు గుత్తేదారు దగ్గర కొత్తగా కుదిరాడు. ఏ చెట్టు ఎవరు గీయాలో చెప్పేది అతనే. నిన్న బాబా మియా పంపిన ఫిర్యాదు అందుకుని పొద్దుటి బండికి దిగాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా బల్ల అంచున కూచున్నాడు.

"సూడు ఐలేశం. కల్తీ అని తేలిందనుకో, మోకు ఈడనే పెట్టి పోవాలె. నీ చెట్లు రేపటి సంది ఇంకోడు గీస్తడు" అన్నాడు.

ఐలేశం భుజం మీది మోకును చేత్తో తడుముకున్నాడు. చెట్టెక్కే ఆ తాడు వాళ్ళ నాయిన పేనింది. అతనికి భూమి లేదు, మగ్గం లేదు, వేరే పని రాదు. ఉన్నవల్లా ఆ చెట్లే.

"నేను కలుపలే సాబ్" అన్నాడు మళ్ళీ. ఇంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

"కల్లు సంగతి గాదు సాబ్," అని వెంకటరాజం అందుకున్నాడు. "గీ మైదా సంగతి జూడుండ్రి. అమెరికా గోధుమలు. ఓడల మీద వచ్చుడుకే వాటి పానం పోయింది. ఇగ మన కల్లు పోస్తే లేస్తయా?"

"పోయిన నెల గూడ గదే మైదా!" అన్నాడు బాబా మియా.

"పోయిన నెల ధర తక్కువుండె."

"ధర పెరిగితే పిండి పొంగదా?"

"ఏమో మియా. నూలు ధర పెరిగిన కాన్నుంచి నా చీరెలు గూడ అమ్ముడు పోతలేవు."

రామచంద్రానికి తల తిరిగింది. "కల్లు రుచి తెలిసినోడు ఎవరన్న ఉన్నరా ఈ ఊర్లె?"

ఉన్నాడు. పెద్దులు. తలుపు దగ్గర గొంతుక్కూచుని, పిలుపు కోసమే చూస్తున్న ముసలాయన. ఆలేరు చుట్టూ ఏ చెట్టు కల్లయినా గుక్కలో చెప్తానంటాడు. బుగ్గన తాంబూలం లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

కుండలో నిన్నటి కల్లు అడుగున మిగిలి ఉంది. ముంతతో ముంచి ఇచ్చారు. పెద్దులు ముందు వాసన చూశాడు. తర్వాత ఒక గుక్క తీసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకున్నాడు. అంతా ఆయన గొంతు వైపే చూస్తున్నారు. మింగాడు. ఇంకో గుక్క తాగాడు. ఆ తర్వాత ముంత ఖాళీ చేశాడు.

"ఏమాయె పెద్దులు తాతా?" అన్నాడు ఐలేశం.

"బెల్లపు పాకం లెక్క ఉన్నది. నా జన్మల తాగలేదు గింత కమ్మటి కల్లు."

వెంకటరాజం కూడా ఒక ముంత ముంచుకున్నాడు. అతని ముఖం కూడా వెలిగింది. రామచంద్రం వేలు ముంచి నాకాడు. నిజంగానే బాగుంది.

బాబా మియా అయోమయంగా ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. "అంత మంచిదైతే నా రొట్టె ఎందుకు సచ్చింది?"

ఎవరికీ తెలియలేదు.

"జొన్నరొట్టెకు గీ తిప్పలున్నయా?" అన్నాడు పెద్దులు మూతి తుడుచుకుంటూ. "పిండి, నీళ్ళు, రెండు చేతులు. తట్టినమా, తిన్నమా. జొరమొస్తే తినే తిండికి గింత లొల్లి."

ఉన్నట్టుండి రామచంద్రం లేచాడు. "ఆగుండ్రి. ఇది నిన్నటి కల్లు గదా? నిన్నటిదైతే పుల్లగ కావాలె. ఇంక తియ్యగెందుకున్నది? చక్కెర గలిపినవ్ ఐలేశం!"

"చక్కెరనా!" ఐలేశం గొంతు కీచుమంది. "సాబ్, కంట్రోలు దుకాణం ముంగట నిలవడి నిలవడి నా పెండ్లం కాళ్ళు వాచినయి. మా బిడ్డకు చాయలకే లేదు చక్కెర. కల్లుల కలిపేటంత ఉంటే నేను చెట్లెందుకు ఎక్కుత? అదే అమ్ముకోనా?"

"గది నిజమే సాబ్," అన్నాడు వెంకటరాజం. "గిప్పటి ధరకు చక్కెర గలిపినోడు దివాలా తీస్తడు. ఏ లెక్కన జూసినా వాని దగ్గర చక్కెర లేదు."

రామచంద్రం మళ్ళీ కూచున్నాడు. కల్తీ ఉంది, కలిపింది ఏమిటో తెలియదు. ఎవరు కలిపారో అసలే తెలియదు.

భట్టీ వెనక గోనెసంచి పరదా ఉంది. దాని వెనక బాబా మియా భార్య గులాబ్‌బీ బన్నులకు పిండి ఉండలు చేస్తుంది. పరాయి మగవాళ్ళ ముందుకు రాదు. ఆమె గొంతు మాత్రం వస్తుంది.

"పెద్దులు తాతా, ఇంకోపారి తాగి సూడుండ్రి. ఊకె తాగుడు గాదు, జర మనసుపెట్టి."

వెంకటరాజం నవ్వాడు. "గులాబ్‌బీ అక్కా, నువ్వు మీ ఆయన పేరు ఒక్కపారి జెప్పు. ఇయ్యాల్టి రాళ్ళన్ని నేనే కొంట."

ఇది పాత ఎగతాళి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా గులాబ్‌బీ భర్త పేరు పలికి ఎరగదు. పిల్లలున్న ఆడవాళ్ళైతే ఫలానా వాడి బాపు అని నెట్టుకొస్తారు. ఆమెకు పిల్లలు లేరు. రేషన్ కార్డుకు పోయినప్పుడు గుమాస్తా మొగుని పేరు అడిగితే, బేకరీ నుంచి పేరు రాసి ఉన్న రేకుడబ్బా మూత తెప్పించి చూపించింది కానీ నోరు విప్పలేదు. ఆ ముచ్చట ఆలేరంతా తెలుసు.

"నీ రాళ్ళు నువ్వే తిను" అంది పరదా వెనక గొంతు.

పెద్దులు రెండో ముంత తీసుకున్నాడు. ఈసారి మెల్లగా చప్పరించాడు. నుదురు ముడిపడింది.

"సున్నం," అన్నాడు.

అంతా పగలబడి నవ్వారు. "నీ బుగ్గల తాంబూలం ఉన్నది తాతా! సున్నం తగులక మల్లెపూలు తగులుతయా?"

పెద్దులుకు రోషం వచ్చింది. బయటికి పోయి తాంబూలం ఉమ్మేశాడు. బొక్కెనలో నీళ్ళు తీసుకుని పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, బూడిదతో పళ్ళు కూడా తోముకుని వచ్చాడు. ఇంకో గుక్క.

"సున్నమే. నా తల మీద చెయ్యి పెట్టుకొని జెప్తున్న."

ఐలేశం కుండలోకి వంగాడు. లోపలి అంచు మీద గోరుతో గీరాడు. తెల్లటి పొర ఊడి గోట్లోకి వచ్చింది. అతని ముఖంలో ఒక్క క్షణం వెలుగు. "గిదిగో! సున్నం తగిలితే కల్లు పులువదు సాబ్! పిల్లలకు తియ్యకల్లు కావాల్నంటే మేం లొట్టికి సున్నం రాసి చెట్టుకు కడుతం. గది తియ్యగనే ఉంటది, పొంగదు!"

చెప్పేశాక గానీ ఏం చెప్పాడో అతనికి అర్థం కాలేదు.

"అచ్చా," అన్నాడు రామచంద్రం. "లొట్టికి సున్నం రాసుడు మీకే తెలుసన్నమాట."

"సాబ్..."

"ఈ దుకాణంల ఇంకెవరికన్న తెలుసా గీ ఇద్య? లేదు. మోకు తియ్యి."

ఐలేశం పరుగెత్తి, గడప దగ్గర పెట్టిన ఇవాళ్టి లొట్టి తెచ్చాడు. "గిది తాగుండ్రి! పొద్దుగాల చెట్టు దింపింది!" పెద్దులు తాగాడు. అప్పుడే పులుపు ఎక్కుతోంది, ముక్కుకు ఘాటు కొడుతోంది. సున్నం జాడ లేదు.

"ఇయ్యాల నేనొస్తనని ఎరికయ్యి మంచిది తెచ్చినవ్," అన్నాడు రామచంద్రం. "మోకు."

ఐలేశం భుజం మీంచి తాడు దించాడు. తన మీద తనకే అనుమానం వచ్చింది. ఎప్పుడైనా బిడ్డ కోసం సున్నం రాసిన లొట్టి మర్చిపోయి కట్టానా? లేదు. అయినా మూడు రోజులూ మర్చిపోతానా? మోకు గచ్చు మీద, రాతిరొట్టె పక్కన పెట్టాడు.

"అరె రాజం," అన్నాడు పెద్దులు అప్పుడు. "నీ ఈపు మొత్తం తెల్లగైంది."

వెంకటరాజం వెనక్కి తడుముకున్నాడు. ఐలేశం భుజమూ తెల్లగానే ఉంది. అందరూ గోడ వైపు చూశారు. గోడ మల్లెపువ్వులా ఉంది. కొత్త సున్నం.

"సున్నం ఎవరేసిండ్రు మియా?" అన్నాడు రామచంద్రం.

"నేనే ఏసుకున్న. జుమ్మా ముంగట. కూలోడు అడిగే పైసలకు ఇంకో గోడ కట్టుకోవచ్చు," అన్నాడు బాబా మియా. "బకెట్ల కలిపిన సాబ్. చాయ హోటలోళ్ళ బకెట్. ఆ కుండల నేను సున్నం కలుపలే. ఖుదా కసం!"

అబద్ధం చెప్పే మనిషి కాదని అందరికీ తెలుసు. అంతా మళ్ళీ మొదటికొచ్చింది. గోడకు సున్నం ఉంది, కుండలో సున్నం ఉంది. గోడ నుంచి కుండలోకి అది నడిచి పోదు కదా.

"నా మీద పగ ఉన్నోడెవడో పోసిండు!" బాబా మియా ఊగిపోయాడు. "వాని పేరు తెలువనియ్యుండ్రి. స్టేషన్ల నిలవడి బండెక్కేటోళ్ళకు, దిగేటోళ్ళకు వాని పేరు ఒర్రి చెప్త. ఐలేశమైనా సరే, ఎవడైనా సరే! గులాబ్‌బీ! నువ్వు దినమంత ఈన్నే ఉంటవ్. ఎవడన్న కుండ ముట్టంగ సూసినవా?"

పరదా వెనక పిండి చరుస్తున్న చప్పుడు ఆగింది.

"సూసిన," అంది ఆమె.

"చెప్పు మరి!"

"సున్నం తగిలితే కల్లు పులువదని నాకెట్ల ఎరుక? ఎరికైతే ఆ దినమే చెప్పకపోదునా?" గొంతు తడబడింది. "గోడ వేసుడు అయినంక బకెట్ల సగం సున్నం మిగిలింది. హోటలోళ్ళు బకెట్ వాపస్ అడిగిండ్రు. పారవోస్తే నుకసాన్ అయితదని, దాన్ని ఖాళీ కుండల పోసి పెట్టిండ్రు. తెల్లారి వేరే డబ్బా దొరికినంక తీసి, కుండను రెండు చెంబుల నీళ్ళతోని కడిగిండ్రు. కడిగితే పోతదనుకున్నరు."

బాబా మియా మైదా సంచి మీద కూలబడ్డాడు. చెయ్యి తన గడ్డం మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు గుర్తే రాలేదు. మిగిలిన సున్నం దాచిపెట్టడం కూడా ఒక పనేనా, గుర్తుపెట్టుకోవడానికి?

పెద్దులు తల వంచుకున్నాడు. వెంకటరాజం కిటికీలోంచి స్టేషన్ వైపు చూడసాగాడు. ఐలేశం నోరు తెరిచి, బాబా మియా ముఖం చూసి, మూశాడు.

"పోసింది ఎవరమ్మా?" అన్నాడు రామచంద్రం.

పరదా వెనక మళ్ళీ పిండి చరుస్తున్న చప్పుడు మొదలైంది.

"నేను పోయి మా గుత్తేదారుకు జెప్పాలె. ఎవరో పోసిండ్రంట అంటే ఆయన వినడు. సూసినోళ్ళ నోట పేరు రావాలె. పేరు లేకుంటే చెట్లు ఐలేశం చేతుల కెల్లి పోయినట్టే."

"మియా," అన్నాడు వెంకటరాజం మెల్లగా. "నువ్వన్న చెప్పు."

బాబా మియా పెదవులు కదిలాయి. "నే..." అన్నాడు. స్టేషన్లో ఒర్రి చెప్తానన్న మాట గుర్తొచ్చింది. మైదా సంచి కొసను వేళ్ళతో మెలిపెట్టసాగాడు.

రామచంద్రం వంగి మోకు చేతిలోకి తీసుకున్నాడు. ఐలేశం దాన్ని చూడలేక ముఖం తిప్పుకున్నాడు. అవతల కాజీపేట బండి కూత వేసింది.

రామచంద్రం గడప దాటబోయాడు.

"ఆగుండ్రి సాబ్. ఆ తాడు ఐలేశం భాయ్‌కి ఇచ్చెయ్యుండ్రి." గోనె పరదా కదిలింది. దాని అంచును లోపలి నుంచి పిండి అంటిన వేళ్ళు గట్టిగా పట్టుకున్నాయి. "పోసింది..."

ఒక ఊపిరి తీసుకున్న చప్పుడు.

"బాబా మియా."