మూడవ ప్రతి

గ్రాసిండా బల్లపై పళ్ళేలు సర్దుతూ ఉండగా అత్తగారు ఇదలీనా తాను వండి తెచ్చిన పాలన్నం గిన్నెను నడిమధ్యన పెట్టింది. వెనుకనే ఆడపడుచు ఒదెత్ కాల్చిన ఆపిల్ పళ్ళతో వచ్చి నిలుచుండిపోయింది.

"నీకు షుగరు పెరిగింది, పాలన్నం వద్దన్నాం కదమ్మా! బదులుగానే కదా ఇవి తెచ్చింది?"

"వద్దని నాకెవరు చెప్పారే? పళ్ళు తెస్తున్నానన్నావు. అవీ ఇవీ కలిపి తింటాం కాబోలనుకున్నా." అత్తగారు కోడలివైపు తిరిగింది. "యూనివర్సిటీలో పాఠాలు చెప్తుంది మహాతల్లి! ఇంట్లో ఒక్క మాట అందించలేదు."

"మన్నించండి అత్తయ్యా."

నిజానికి పాలన్నం వద్దని గ్రాసిండా శుక్రవారమే భర్త అబీలియోకు చెప్పింది. అతడు చెల్లెలికి చెప్పి, తల్లికి చెప్పడం మరచాడు. వద్దన్న మాట ఇంకా చేరకముందే, దాని బదులు పళ్ళన్న మాట చెల్లెలి దారిన చేరిపోయింది.

గ్రాసిండా చేతిలోని పళ్ళెం ఆగిపోయింది.

నది అవతల, లిస్బన్‌లోని ఒక ఆసుపత్రిలో రేపటి నుండి రోగుల మందుల జాబితా మూడు దూరపు కంప్యూటర్లలో మూడు ప్రతులుగా ఉండబోతున్నది. ఒకదానిలో మార్చినది తక్కినవాటికి ఆలస్యంగా చేరుతుంది. అంతవరకు ఎవరి ప్రతి వారికి సత్యం. అయినా, ఆపిన మందూ దాని బదులు రాసిన మందూ ఏ ప్రతిలోనూ ఏ క్షణానా కలిసి కనబడవని తర్కంతో నిరూపించినది గ్రాసిండాయే. రెండు ప్రతులకు అడుగడుగునా నిరూపించి, "ఎన్ని ప్రతులకైనా ఇదే వరుస" అని ఒక్క వాక్యంతో ముగించింది. అత్తగారి కంటి ఆపరేషను నాడు, వరండాలో కూర్చుని రాసిన వాక్యమది. ఇద్దరి నడుమ మాటలు పంపిన వరుసలోనే చేరతాయి. మూడవవారుంటే ఆ వరుస నిలవదు. ఒకచోట వైద్యుడు మందు ఆపుతాడు. అది చూసి రెండవచోట వైద్యురాలు బదులు మందు రాస్తుంది. మూడవచోటికి, ఆపిన సంగతి ఇంకా రాకముందే, ఆమె రాసినది చేరుతుంది. అక్కడి రోగి ఒంట్లోకి రెండు మందులూ వెళతాయి.

వంటింట్లో గిన్నెలు కడుగుతూ భర్తకు చెప్పింది. రాసింది తానే అయినా, ఆ నిరూపణ పత్రంపై మొదటి పేరు అతడిది.

"బుధవారం నా ప్రమోషన్ కమిటీ. గురువారం చూద్దాంలే."

"రేపు పొద్దున్నే మొదలుపెడుతున్నారు, అబీలియో!"

"లక్షకోసారి జరిగేదానికి ఇంత గోలా? పాలన్నం చూసి సిద్ధాంతం తప్పంటే నవ్విపోతారు. ముందు అమ్మకు కాఫీ ఇవ్వు."

ఆమె కాఫీ కలిపింది. చర్చిలో ఫాదర్ ముందు మోకరిల్లి ఇన్నేళ్ళుగా తాను ఒప్పుకున్న పాపాలు గుర్తుకు వచ్చాయి: చల్లారిన సూపు, ఆలస్యమైన ఇస్త్రీ, అలసిన రోజున ఆడిన విసుగుమాట. అవన్నీ ఎవరెవరో ఆమె ఒడిలో పోసినవి. ఈ ఒక్కటీ తనది. తనవి కాని తప్పులకు వంగి వంగి, తనదైన తప్పును నిటారుగా మోసే సత్తువ మిగిలి ఉన్నదా అని భయపడింది. ముక్కూ మొహం తెలియని ఆ రోగిని తలచుకుని కప్పు అందుకుంది.

కాఫీ అత్తగారి ముందు పెట్టి, అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోను చేసింది. రేపు మొదలుపెట్టవద్దన్నది, మూడవ ప్రతి సంగతి విడమరిచి చెప్పింది. అవతలి మనిషి అంతా రాసుకుని అడిగింది:

"ఈ నిరూపణ చేసిందెవరండీ? ఎవరెవరితో మాట్లాడాలి?"

అబీలియో వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు.

"నాతోనే," అన్నది గ్రాసిండా. "మొదటి అక్షరం నుండి చివరి తప్పుదాకా నేనొక్కదాన్నే రాశాను."