అక్క మెత్తబరిచిన మాటలు

మా కోచ్ పరాయి దేశం మనిషి. ఆయన భాష మాకు రాదు, మా భాష ఆయనకు రాదు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన సహాయ కోచ్ ఉండేది. ఒకప్పుడు జాతీయ హాకీ జట్టుకు ఆడిన మనిషి, అందరం అక్కా అని పిలిచేవాళ్ళం. కోచ్‌ది ముక్కుసూటి తత్వం. అక్కేమో ఎవరి మనసూ నొప్పించే రకం కాదు. ఆయన ముఖం ఎర్రబడేలా రెండు నిమిషాలు అరిస్తే, "ఇంకాస్త చురుగ్గా ఆడమంటున్నారు తల్లీ" అని అక్క తేల్చేసేది. మేం కిసుక్కున నవ్వుకునేవాళ్ళం. పెద్దవాళ్ళ కోపాన్ని ఉన్నదున్నట్టు మోసుకొచ్చి చెప్పడం మావైపు మర్యాద కాదు మరి.

మా గోల్‌కీపర్‌ను తాళం అనేవాళ్ళం. వెనక అది ఉందంటే, డిఫెన్స్‌లో నేను గుండెల మీద చెయ్యేసుకుని ఆడేదాన్ని. ఈ ప్రపంచకప్ ఒక్కటీ ఆడి స్టిక్ పక్కన పెట్టేస్తానని అది చెబుతూ ఉండేది. ఆ వేసవంతా దాని ఎడమ మోకాలు పేచీ పెడుతూనే ఉంది. ప్రాక్టీస్ అయ్యాక కోచ్ దాన్ని పక్కకు పిలిచి, మోకాలు చూపిస్తూ గట్టిగా ఏదో చెప్పేవారు. జట్టు డాక్టరూ ఆయన వెంట వచ్చినవాడే. ఇద్దరి మాటలూ అక్క నోటి మీదుగానే రావాలి.

"మోకాలు కాస్త జాగ్రత్తగా చూసుకోమంటున్నారు, అంతే" అనేది అక్క. తాళం తలూపి మళ్ళీ ప్యాడ్లు కట్టుకునేది.

జట్టును ప్రకటించే రోజు డ్రెస్సింగ్ రూములో కోచ్ ఒక్కొక్కరినీ పిలిచి చేయి కలిపారు. తాళాన్ని పిలవలేదు. అది లేచి, ఎందుకు తీసుకోలేదని అడిగింది. కోచ్ తెల్లబోయి గడగడా ఏదో అన్నారు. అక్క గొంతు సవరించుకుంది.

"మెత్తగా చెప్పకక్కా. ఆయన ఏమన్నారో అదే చెప్పు" అంది తాళం.

అక్క తల వంచుకుని చెప్పింది. వేసవి మొదట్లోనే ఆపరేషన్ చేయించుకుంటే టోర్నమెంటు నాటికి కోలుకునేదట. లేకపోతే జట్టులో చోటుండదని ఎన్నోసార్లు చెప్పారట. ఎంత చెప్పినా తలూపి ప్యాడ్లు కట్టుకుంటుంటే, ఆపరేషన్ దానికి ఇష్టం లేదనుకున్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క ముఖం చూశాక ఆ కోపం కూడా నిలవలేదు, ఏడుపొచ్చింది.

"భయపడతావని తల్లీ. ఆ మాట వింటే కుంగిపోతావనుకున్నాను."

తాళం అక్క వైపు చూడలేదు. కోచ్ కళ్ళలోకి చూస్తూ అంది: "ఈ పిల్లలకైనా ఇలా జరగకూడదు. మాటలు చెప్పడానికి వేరే మనిషిని పెట్టుకోమని ఆయనతో చెప్పు."

అక్క తలెత్తి, ఆయన భాషలో చెప్పింది. కోచ్ నమ్మలేనట్టు ఏదో అడిగారు. అక్క తన వైపే వేలు చూపించుకుని, అదే మాట మళ్ళీ చెప్పింది.