కొత్త వెర్షన్‌లో మాస్టారు

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. కారు నడపడం నేర్పే మాస్టారు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, "క్లచ్ తొక్కమ్మా, నా ప్రాణం తొక్కకు!" అని అరిచే రకం. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇంట్లోనైనా నెమ్మదిగా మాట్లాడేవారా అంటే అదీ లేదు. ఉప్పు అందించమన్నా ఎదురుగా లారీ వచ్చేస్తున్నట్టే అడిగేవారు. అలాంటి మనిషికి వచ్చిన జబ్బు చూడండి, నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు! ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆఖరికి నాలుక. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది?

డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి, మాట పూర్తిగా పోకముందే బావమరిది ఒక దారి వెతికాడు. ఎక్కడో ఓ చిన్న కంపెనీ మనిషి గొంతును కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తుందట. వాళ్ళు పంపిన వాక్యాలన్నీ మాస్టారు రోజూ కూర్చుని, దగ్గుతూ, ఆయాసపడుతూ, మధ్యమధ్యలో ఆ వాక్యాలు రాసినవాణ్ణి తిట్టుకుంటూ మైకులో చదివారు. వాళ్ళు వాటిని కలిపి గొంతు తయారుచేసి పంపారు. అప్పటినుంచీ మంచం పక్కన స్టాండుకు బిగించిన కంప్యూటరే ఆయన నోరు. దాని తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతూ పోతుంటాయి. ఒంట్లో ఇంకా ఆడేది కుడి బొటనవేలు ఒక్కటే. కావలసిన అక్షరం వెలగగానే ఆ వేలు కింద ఉన్న మీట నొక్కుతారు. అలా మాట పేర్చడానికి ఒక యుగం పట్టేది. కానీ పూర్తయ్యాక వినిపించేది మాత్రం అదే బొంగురు గొంతు.

"ఏమోయ్, టీవీ అయినా ఆపు, నువ్వైనా ఆగు!"

మాస్టారి భార్య నవ్వు ఆపుకోలేకపోయేది. మంచాన పడ్డా వెటకారం పోలేదు కదా అనుకునేది. వాళ్ళ పాపకి, అంటే బుడ్డదానికి, ఊహ తెలిసేసరికే ఆయన నాలుక పడిపోయింది. దానికి నాన్న గొంతంటే స్టాండు మీంచి వచ్చేదే.

చిన్న చిన్న ప్రశ్నలకు అక్షరాలు పేర్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆమె అడుగుతుంది, ఆయన మీట ఒకసారి నొక్కుతారు. టిక్ అంటే అవును, చప్పుడు లేకపోతే కాదు. దిండు సర్దనా, టిక్. ఫ్యాను పెంచనా, టిక్. మా తమ్ముణ్ణి రేపు రమ్మననా, చప్పుడు లేదు. ఇల్లంతా ఆ టిక్కు మీదే నడిచేది.

ఆ పొద్దున ఆమె పనికి బయల్దేరే హడావుడిలో ఉంది. పగలు చూసుకునే నర్సు అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది.

"ఏవండీ, కళ్ళలో ఎండ కొడుతోందా? కర్టెన్ లాగెయ్యనా?"

సరిగ్గా అప్పుడే, ఎవడు పిలిచాడని వచ్చిందో గానీ, 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే ఎక్కించమంటారా?' అంటూ ఓ పెట్టె కంప్యూటర్ తెర మీద ఊడిపడింది. అందులో 'సరే' అనేది ముందే వెలుగుతూ కూర్చుంది. మాస్టారు కర్టెన్ గురించి పెళ్ళానికి చెప్పిన అవును వెళ్ళి దానికి తగిలింది. టిక్.

ఆమె కర్టెన్ లాగి ఇటు తిరిగేసరికి అక్షరాలు లేవు. తెరంతా నీలం, మధ్యలో గిరగిరా తిరుగుతున్న చక్రం, కింద 'దయచేసి ఆపకండి' అన్న మర్యాద. మాస్టారి కళ్ళు ఇంతింత అయ్యాయి. ఆ కళ్ళను ఆమె చూసింది, కానీ ఎండకనుకుంది. "ఏదో అప్‌డేట్ అటండీ, కాసేపట్లో అయిపోతుందిలెండి," అని నుదుటి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఆమె పనిచేసేది ఒక పళ్ళ డాక్టరు దగ్గర, ముందు గదిలో. వచ్చినవాళ్ళ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం, టైము ఇవ్వడం, ఎక్స్‌రేలు లోపలికి పంపడం ఆమె పని. ఆ రోజు అక్కడా అదే గోల. కంప్యూటర్లన్నిటికీ కొత్త వెర్షన్ పడింది. మెనూ మూలలోంచి మధ్యలోకి వచ్చింది, గడియారం ఎటో పోయింది, ప్రింటు బటన్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. డాక్టరు గ్లవ్స్‌తోనే బయటికొచ్చి కేకలు మొదలెట్టాడు.

"లోపల మనిషి నోరు తెరుచుకుని పడుకున్నాడు, నేనేమో ఎక్స్‌రే ఎక్కడుందో వెతుక్కుంటున్నాను! నా ఇంట్లో సామాన్లు సర్దమని వీళ్ళని ఎవరు అడిగారమ్మా?"

"మీరే సార్, సరే అని నొక్కి ఉంటారు," అంది సాయంచేసే అమ్మాయి. ఆ పిల్లకి మాత్రం కొత్త వెర్షన్ తెగ నచ్చేసింది. "అక్కా, మూలలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడు, ముద్దొస్తున్నాయి!"

"గుండ్రంగా ఉంటే నాకెందుకు, నాకు పళ్ళు కనబడాలి!" అన్నాడు డాక్టరు.

ముందు గదిలో దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే తన కంప్యూటర్ వైపు చూస్తే దానికింకా ఎక్కుతూనే ఉంది, నీలం రంగు, గిరగిరా తిరిగే చక్రం. పొద్దున ఇంట్లో చూసింది ఇదేనని అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ చిన్నా చితకా అప్‌డేట్‌లు, ఇది మొత్తానికి మొత్తం మార్చేసేది. డాక్టరుకు చెప్పిందో లేదో కూడా తెలియకుండా బ్యాగు పట్టుకుని బయటపడింది.

ఇంటికెళ్ళేసరికి తెర మీద కొండలూ సరస్సూ ఉన్న పెద్ద బొమ్మ, 'స్వాగతం' అని అక్షరాలు. "రంగులు బాగున్నాయండీ," అంది నర్సు. మాస్టారి బొటనవేలు మీటను నొక్కుతూనే ఉంది. టిక్, టిక్, టిక్. ఏ అక్షరమూ వెలగడం లేదు. గొంతు ప్రోగ్రామ్ గుర్తు మీద ఆమె చేత్తో నొక్కితే 'ఇది ఈ వెర్షన్‌లో పనిచేయదు' అని మళ్ళీ ఒక మర్యాద. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. వాడు ఇంటర్నెట్ కంపెనీలో ఫోన్లు ఎత్తే పని చేస్తాడు, ఇంట్లో కంప్యూటర్ వ్యవహారాలన్నీ వాడివే. "కంగారు పడకక్కా, పాత వెర్షన్‌కి వెనక్కెళ్ళే దారి ఉంటుంది," అన్నాడు. నిజంగానే ఉంది. వాడు తల వంచుకుని కూర్చున్నంతసేపూ ఆమె వాడి వెనకాలే నిలబడింది. చివరికి పాత తెర వచ్చింది. అదే పాత బొమ్మ, అదే మూలలో మెనూ. ఆమె ఆనందం పట్టలేక తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. "బావా, వచ్చేశావ్!" అని వాడు అరిచాడు. బుడ్డది మంచం మీద గెంతింది. ప్రోగ్రామ్ తెరుచుకోవడం మొదలుపెట్టింది.

'ఈ కంప్యూటర్ కొత్తదిగా ఉంది. మీ లైసెన్సును సరిచూస్తున్నాం, ఆగండి.'

ఆగారు. చాలాసేపు ఆగారు. 'సర్వర్ దొరకలేదు.'

తమ్ముడు మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే. ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేశాడు, నంబరు వాడుకలో లేదంది. వాళ్ళ వెబ్‌సైట్ తెరిస్తే అందులో ఎవరో బూట్లు అమ్ముతున్నారు. కంపెనీ ఎప్పుడో మూతపడిందట. కంప్యూటర్‌ని కదపనన్నాళ్ళూ పాత లైసెన్సుతో బండి నడిచిపోయింది, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు దానికి మళ్ళీ అనుమతి కావాలి, ఇచ్చేవాడు లేడు.

"గొంతు ఎక్కడికీ పోలేదక్కా," అన్నాడు తమ్ముడు, ఒక ఫైలు చూపించి. "ఇదిగో, ఇందులోనే ఉంది బావ గొంతు. తాళం వాళ్ళ దగ్గరుంది. వాళ్ళే లేరు."

"పగలగొట్టరా తాళం!"

"నా వల్ల కాదక్కా. ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, వాళ్ళ వల్లా కాదన్నారు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక వాడి మీదే మండింది. నువ్వు ఏడ్చినట్టే పెట్టావు ఈ కంప్యూటర్ అంది. వాడు అద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఆమె ఆ వెర్షన్ తయారుచేసినవాళ్ళ సహాయం పేజీలోకి వెళ్ళింది. అక్కడ జనం తిరనాళ్ళలా ఉన్నారు. మెనూ మధ్యలోకి ఎందుకొచ్చిందని ఒకడు శోకాలు పెడుతున్నాడు. ముదురు రంగుల్లో భలే ఉందని ఇంకొకావిడ మురిసిపోతోంది. గడియారంలో సెకన్ల ముల్లు తీసేసినందుకు ఒకాయన చెడామడా తిట్టాడు, ఆయనకు వందలమంది వంతపాడారు. వాళ్ళందరి మధ్యా ఆమె రాసింది. మా ఆయన గొంతు పోయింది, తిరిగి ఇప్పించండి అని. జరిగిందంతా చిలక్కి చెప్పినట్టు వివరంగా రాసింది. రీస్టార్ట్ చేసి చూశారా అని ఒక జవాబు వచ్చింది. అంత పాత సాఫ్ట్‌వేర్ నమ్ముకోవడం మీదే పొరపాటని మరొకటి. మూడోది ఆ వెర్షన్ తయారుచేసిన కంపెనీ మనిషిదే, ఎంతో తీయగా ఉంది. కొత్త వెర్షన్‌తో పాటు చాలా సహజమైన గొంతులు వస్తున్నాయి, ప్రయత్నించండి, ఈ జవాబు మీకు ఉపయోగపడిందా అని. ఆమె లేదు అని నొక్కింది. ధన్యవాదాలు అని వచ్చింది.

పాత రికార్డింగులతో గొంతు తయారుచేసేవాళ్ళు ఇప్పుడు కూడా ఉన్నారని తమ్ముడు చెప్పాడు. శుభ్రంగా వినిపించే మాటలు చాలా కావాలన్నారట వాళ్ళు. మాస్టారు మైకులో చదివినవన్నీ మూతపడ్డ కంపెనీతోనే పోయాయి, అందుకని ఆమె ఫోను మొత్తం గాలించింది. బుడ్డది పాకుతున్నప్పటి వీడియో ఒకటి దొరికింది. అందులో కెమెరా వెనకనుంచి మాస్టారు "ఇటు చూడు, ఇటు చూడు, అమ్మ దొంగా!" అంటారు. అంతే. ఆ మాత్రం మాటల మీద కూడా ఫ్యాను చప్పుడు పడింది. చాలదన్నారు.

చేసేదేముంది? పాత వెర్షన్ ఉన్నా అందులో నోరు లేదు. "బావా, మళ్ళీ కొత్తదే ఎక్కించమంటావా?" అని తమ్ముడు మంచం పక్కన వంగి అడిగాడు. మాస్టారి వేలు చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది.

కొత్త వెర్షన్‌లో అక్షరాలు పేర్చే ఏర్పాటూ ఉంది, గొంతులూ చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే వినిపించారు. ఏది విన్నా రైల్వే స్టేషన్లో సామాన్లు జాగ్రత్త అని చెప్పేవాడిలాగే ఉంది. మాస్టారు వాటిలో ఒక కుర్రాడి గొంతు దగ్గర టిక్ మన్నారు. నచ్చి కాదు, విసుగొచ్చి. ఆ తర్వాత అక్షరాలు పేర్చడం మొదలుపెట్టారు. ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కో అక్షరమే చదువుకుంటోంది.

"నొక్కింది నేనే," అంది ఆ కుర్రాడి గొంతు, ఎంతో మర్యాదగా.

"అడిగింది నేనండీ!" అని ఆమె భోరుమంది. "దిక్కుమాలిన కర్టెన్ కోసం అడిగింది నేను!"

ఆ తర్వాత రోజులు, నెలలు గడిచాయి. అలవాటు పడిపోతారని అందరూ అన్నారు. పళ్ళ డాక్టరు మధ్యలో ఉన్న మెనూకి అలవాటు పడ్డాడు, పాతదే చిరాగ్గా ఉండేదని కూడా అన్నాడు. ఆమె మాత్రం అలవాటు పడలేకపోయింది. మాస్టారు ఒకసారి పాత జోకే పేర్చారు. "ఏమోయ్. టీవీ అయినా ఆపు. నువ్వైనా ఆగు." కుర్రాడి గొంతు దాన్ని విన్నపంలా చదివింది. ఆమె లేచి వెళ్ళి టీవీ కట్టేసింది. అది జోకని ఆమెకి గుర్తొచ్చేసరికి ఆయన కళ్ళు మూసేసుకున్నారు. ఆ తర్వాత జోకులు తగ్గాయి, తర్వాత మాటలూ తగ్గాయి. కావలసింది అడగడం, అంతవరకే.

బుడ్డది మాత్రం ఆ గొంతుతో బాగా స్నేహం చేసింది, పాత బొంగురు గొంతును మెల్లగా మరిచేపోయింది. పేజీ కెమెరాకి చూపిస్తే చాలు, కొత్త గొంతు కథల పుస్తకాలు గడగడా చదువుతుంది, దగ్గదు, ఆయాసపడదు. "మా నాన్న ఎంత బాగా చదువుతాడో!" అని ఆటలకొచ్చిన పిల్లలకు చెప్పుకుంటుంది. ఆమె అది వినలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది. పిల్లని ఏమనగలదు?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ఆమె ఫోన్ తీసింది. మంచం మీద మాస్టారి పక్కన బుడ్డదాన్ని కూర్చోబెట్టుకుని ఆ పాకే వీడియో పెట్టింది. ఫ్యాను చప్పుడు, పాకుతూ వస్తున్న బుడ్డది, వెనకనుంచి ఆ బొంగురు కేక. "ఇటు చూడు, ఇటు చూడు, అమ్మ దొంగా!"

"అది నేనే!" అని బుడ్డది చప్పట్లు కొట్టింది. "మరి ఆ అరుస్తున్నది ఎవరమ్మా?"

"నాన్నే! నాన్న గొంతే అది."

"నాన్న ఇలా అరవడు," అంది బుడ్డది, తల్లి అబద్ధమాడుతున్నట్టు చూసి. "కదా నాన్నా? నీ గొంతు అదా?"

మాస్టారు మీట నొక్కలేదు. తెర వైపు చూశారు. అక్షరాలు వెలుగుతూ పోతున్నాయి. ఆయన ఒకటి ఆపారు, ఇంకొకటి ఆపారు. ఆయన ఏం చెప్పబోతున్నారో ఆమెకు సగంలోనే అర్థమైంది. వద్దండీ, వద్దు, అని గొణిగింది. ఆయన ఆగలేదు.

"కాదు తల్లీ. నా గొంతు ఇదే."

"చూశావా!" అంది బుడ్డది తల్లితో, గెలిచినట్టు. కథ చదవమని నాన్న మీదికి ఒరిగింది. మాస్టారు ఆమె వైపు చూడలేదు. ఆమె ఫోన్ కట్టేసి, లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి ఇచ్చింది.