దవడ లేని చేప

చెరువు అలుగు దుంకి, రోడ్డు మీద బస్సు టైర్ల మధ్య జనం చేపలు ఏరుకున్న ఏడు జరిగింది ఇది.

బీరప్ప పుట్టినప్పటి నుంచి గొర్ల వెంటే. ఏ జీవాన్ని చూసినా ముందు మూతి పట్టి పండ్లు చూస్తాడు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా అన్నదాన్ని బట్టే వయసు, బేరం. పండ్లూడిన గొర్రెను తోలుకుపోతే నకిరేకల్ అంగడంతా నవ్వుతుంది.

మనవరాలు మల్లిక బడిలో సైన్సు మేళాకని ఒండ్రుమట్టితో చేపను చేసింది. తల మీద డాలులాంటి పెంకు, కింద చిన్న బొక్క. సార్లకు నచ్చితే జిల్లా మేళాకు నల్లగొండ తీసుకుపోతారట.

"మూతేదే దీనికి?"

"గా బొక్కనే నోరు తాతా. దీని పేరు సెఫలాస్పిస్. దవడ ఉండది. బురద పీల్చుకుంట బతికేదట. ఇప్పుడు లేవు, రాళ్లల్ల అచ్చులే దొరికినయి."

"వయసెంత?"

"నలభై కోట్ల ఏండ్లు."

"పండ్లు సూడకుంటనే చెప్పిన్రా?"

మల్లిక నవ్వుకుంటూ స్నానానికి పోయింది. బీరప్పకు నవ్వు రాలేదు. పండ్లు లేని జీవాన్ని పట్టుకుని పిల్ల పదిమందిలో నిలబడాలి. కొట్టం చూరులోంచి పాత గొర్రె దవడ తీసి, కడిగి, చేప మూతి దగ్గర పచ్చి మట్టిలో గుచ్చాడు. నాలుగు పండ్లది, మంచి ఈడు. పైన తడిగుడ్డ కప్పాడు.

తెల్లారి బడిలో శ్రీవాణి టీచర్ గుడ్డ తీసింది. చేప ఇకిలించింది.

"దవడ లేని చేప అని రాసినవు. గిదేంది మల్లికా?"

మల్లిక తన వెంట వచ్చి వాకిట్లో నిలబడ్డ తాతను చూసింది. ఆయన మీసం సవరించుకుంటున్నాడు.

"మా తాత పెట్టిండు టీచర్. పండ్లు లేకుంటే ఇజ్జత్ పోతదని."

బడి బడంతా నవ్వింది. దవడ లాగితే సగం మూతి దాంతోనే ఊడొచ్చింది. టీచర్ నవ్వాపుకుని, "నల్లగొండ నుంచి సార్లు రేపొస్తున్నరు. గప్పటికి సక్కగ చేసుకొస్తవా?" అంది.

మల్లిక చేపనూ దవడనూ ఎత్తుకుని తాతతో నడిచింది. ఇంటి దగ్గర అంది, "పండ్లుంటే అది గా చేపనే కాదు తాతా."

"మరెవలు కొంటరే దాన్ని?"

"అమ్మనీకి కాదు. చూపెట్టనీకి."

"గా మాట ముందుగాల చెప్పొద్దా బిడ్డా."

మర్నాడు పొద్దున్నే బీరప్ప చెరువుకు పోయి మట్టి తెచ్చి, చేప మూతి పూడ్చి, చిటికెన వేలితో బొక్క పెట్టాడు. చేపను మల్లిక చేతికిచ్చి ఆమె వెనకాలే బడికి నడిచాడు. దవడను తువ్వాలతో తుడిచి అంగీ జేబులో వేసుకున్నాడు. ఎవరన్నా పండ్లేవని అడుగుతారేమోనని.