విరిగిన బిస్కెట్ల షీల్డు

నేను ఒక షీల్డును. టేకు రంగు పూసిన మామూలు చెక్క, పైన ఇత్తడి రేకు, దాని మీద ‘అత్యుత్తమ విభాగం’ అన్న అక్షరాలు. విజయవాడలో నన్ను చేసినవాడు చెక్కలో మిగుల్చుకున్నదంతా మెరుగులో పెట్టాడు. తప్పేం లేదు, జనం కొనేది మెరుపునే.

నన్ను కొన్నది తెనాలిలో బిస్కెట్ల ఫ్యాక్టరీ నడిపే వీరభద్రం గారు. నాణ్యత పెంచే పద్ధతులు నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారు ఒక నియమం పెట్టాడు: విరిగిన బిస్కెట్లు ఎవరి దగ్గర తక్కువో, ఆ నెల షీల్డు వాళ్లది. నాకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు.

మొదట పొయ్యి మేస్త్రీ మస్తాన్ గోడెక్కాను. ఆయన కిటుకు చిన్నదే. ట్రేలు చల్లారేదాకా ఆగకుండా వేడి మీదే ప్యాకింగుకు తోసేసేవాడు. విరిగేవన్నీ అక్కడే విరిగేవి.

“ముక్కలు మాకూ, మెప్పు మీకూనా మస్తాన్ గారూ?” అంది ప్యాకింగు చూసే రత్నమాణిక్యం.

“మా గడప దాటేదాకా ఒక్కటీ విరగలేదమ్మా. కావాలంటే షీల్డునడుగు!”

ఆవిడా తక్కువేం తినలేదు. ముక్కలను డబ్బాల అడుగున సర్దించి గోడౌనుకు పంపింది. మరుసటి నెల నేను ఆవిడ గోడకు మారాను. ముక్కలు నాకంటే ముందే మారిపోయాయి.

అంతలో హోటళ్లకు సరుకు కొనే పెద్దమనిషి వచ్చాడు. ఆయన ఆర్డరు పోతే ప్యాకింగులో సగం మంది ఇంటికే. నన్ను చూసి మెచ్చుకున్నాడు, తర్వాత ఒక డబ్బా బోర్లించాడు.

“ఇంత షీల్డు పెట్టుకుని ఈ పొడేంటండీ?”

వీరభద్రం గారు నేనే విరగ్గొట్టినట్టు నావైపు చూశారు. రత్నమాణిక్యం తన కింద పనిచేసే ఆడవాళ్ల వైపు చూసి ఒకడుగు ముందుకేసింది. “సర్దించింది నేనేనండీ. షీల్డు పోతుందని.”

మస్తాన్ ఒకసారి దగ్గాడు. “వేడి మీద తోసింది నేను. నాదీ అదే జబ్బు.”

“రేపు చల్లార్చి చూపించండి, అప్పుడు మాట్లాడదాం,” అన్నాడు హోటళ్ల పెద్దమనిషి.

మర్నాడు ట్రేలు చల్లార్చడానికి బల్లలు చాలలేదు. మస్తాన్ నన్ను గోడ మీంచి దించి, ఇటుకల మీద వెల్లకిలా పరిచి, నా మీద ట్రే పెట్టాడు. బిస్కెట్లు విరగలేదు, ఆర్డరు దక్కింది. నా మెరుగు మాత్రం మాడింది.

మళ్లీ వచ్చిన సలహాదారు ఖాళీ గోడ చూసి కంగారు పడ్డాడు. “షీల్డేదండీ?”

వీరభద్రం గారు తాపీగా అన్నారు: “పనిలో ఉందండీ.”