మిట్టమధ్యాహ్నం దీపం

ఎండ బాగుంటే ఫొటో బాగుంటుందని ఎవడు చెప్పాడో గానీ, వాణ్ణి జూలైలో ఒక మధ్యాహ్నం కొండల మీది మా సోన్ కుల్ సరస్సు ఒడ్డుకు తెచ్చి నిలబెట్టాలి. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. గడ్డి మెరుస్తుంది, నీళ్ళు మెరుస్తాయి, గుర్రాల వీపులు మెరుస్తాయి. మనిషి ముఖం మాత్రం నల్లబడుతుంది. టోపీ అంచు కింద కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు కనబడతాయి. ముప్ఫై ఏళ్ళుగా కొండ కింది ఊరు కోచ్‌కోర్‌లో ఫొటోలు తీస్తున్నదాన్ని, నాకు ఈ ముక్క ఆలస్యంగా తెలిసింది.

పదకొండేళ్ళ కిందట ఎషిమ్‌కుల్ పెదనాన్న ఆ ఒడ్డునే, అలాంటి ఎండలోనే, తన సమాధి రాతి కోసం ఫొటో తీయించుకున్నాడు. పోయాక ఆ ఫొటో చూసి నల్లరాతి మీద ముఖం చెక్కుతారు. కల్పక్‌ను, అదే మా ఎత్తయిన ఉన్ని టోపీని, కొంచెం వెనక్కి జరపమన్నాను. నెత్తి మీది కల్పక్‌ను కదిపితే అదృష్టం కదులుతుందని మా మగవాళ్ళకు ఒక పట్టుదల. ఆయన ససేమిరా అన్నాడు. నా సంచిలో ఫ్లాష్ ఉంది. అది వెలిగిస్తే అంచు కింద నీడ విడిపోయేది. ఇంత ఎండలో దీపం ఎందుకులే అనుకున్నాను. అది బద్ధకమో పొగరో ఇప్పటికీ చెప్పలేను, రెండూ అయ్యుంటాయి.

ఆ శరదృతువులోనే ఆయన పోయాడు. చెక్కేవాడు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దించాడు. గడ్డంలో ప్రతి వెంట్రుకా ఉంది, కల్పక్ మీది కుట్టుపని కూడా ఉంది. కళ్ళ చోట రెండు నల్లమచ్చలున్నాయి. లేని కళ్ళు ఊహించి పెట్టడం తన పని కాదన్నాడు. చెక్కిన రాయిని చెరిపే విద్య ఎవరికీ లేదు. ఎదురుగా నిలబడి చూస్తే రాతి కుడి సగంలో ఆయన, ఎడమ సగం ఆయన భార్య ఊల్కాన్ పెద్దమ్మ కోసం ఖాళీగా వదిలారు.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఒకసారి బజారులో ఎదురైతే మాత్రం నా చెయ్యి పట్టుకుని, సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఎదురుగా కూర్చుంటున్నాననీ, ఆయన తనను చూడటం లేదనీ చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత చాలాసార్లు ఆయన నా కలలోకి వచ్చాడు. కోపంగా కాదు. సరస్సు ఒడ్డున గుర్రం కోసం తడుముకుంటూ నడుస్తుంటాడు, గుర్రమేమో పక్కనే నిలబడి ఉంటుంది.

ఈ వేసవిలో పెద్దమ్మ కోడలు జర్కిన్ ఫోన్ చేసింది. డాక్టర్లు ఇక మందులు వద్దన్నారట. అత్తగారు కొండమీది పచ్చికకే తీసుకెళ్ళమందట, కెంజెను, అంటే నన్ను, రమ్మని కబురు పెట్టమందట. నేను కొత్త ఫ్లాష్ కొన్నాను. మూడు రోజులు మా పెరట్లో ఎండలో నిలబెట్టి కనబడినవాళ్ళందరినీ ఫొటోలు తీశాను. పక్కింటి తాతయ్య విసుక్కుని గోడ దూకినంత పని చేశాడు.

పైకి చేరేసరికి పొద్దు నడిమికొచ్చింది. వాళ్ళ గుడారంలో రెండు గిన్నెల కుమిస్ తాగేసరికి ఆ పులిసిన గుర్రంపాల మత్తు నెమ్మదిగా కాళ్ళలోకి దిగింది. పైకప్పు నడుమ తెరిచి ఉన్న చక్రంలోంచి ఎండ గుండ్రంగా తివాచీ మీద పడి, చూస్తుండగానే జరుగుతోంది. బయట ఆడగుర్రాలు పిల్లల్ని పిలుస్తున్నాయి. ఆ వెలుగు అంచున పెద్దమ్మ కూర్చుని ఉంది, పిడికెడు మనిషైపోయింది. మా పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టుకునే తెల్లటి తలపాగా మాత్రం తనే చుట్టుకుందట. అంత పొడుగు బట్ట, గంట పట్టిందట, ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తన కోరిక చెప్పింది.

"ఏమే కెంజె, మీ పెదనాన్నను తీసినట్టే నన్నూ తియ్యి. కళ్ళు నీడలోనే ఉండాలి. ఆయనకు కనబడనప్పుడు నాకెందుకే చూపు? పక్కపక్కన ఉండి ఒకరు చూడటం, ఒకరు చూడకపోవటం... అదేం కాపురం?"

నాకు ఒళ్ళు మండింది. చావుకు సిద్ధమైన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు, తెలుసు, వచ్చేసింది. "చేసిన తప్పు ఒకసారి చాలదా పెద్దమ్మా? మీ ముఖం మీద కూడా నాచేత అదే రాయిస్తారా?" అన్నాను. జర్కిన్ ఏడుపు మొదలెట్టింది. మనవలు ఆ రాయి దగ్గరికి వెళ్ళి ఎవరి కళ్ళలోకి చూడాలని అడిగింది. పెద్దమ్మ మొండిఘటం, కదల్లేదు. చివరికి ఒప్పందం కుదిరింది. రెండు రకాలా తీస్తాను, ఏది చెక్కించాలో ఆమే చెబుతుంది.

బయట గడ్డి మీద స్టూలు వేసి కూర్చోబెట్టి, ముందు ఆమె కోరినట్టే తీశాను. నడినెత్తి ఎండలో తలపాగా భగ్గుమంది, కళ్ళు చీకట్లో కలిశాయి. అచ్చం ఆయనలాగే.

తర్వాత స్టూలు తిప్పి, అప్పుడే కాస్త వాలుతున్న ఎండ వీపు మీద పడేలా కూర్చోబెట్టాను. ఇప్పుడు కళ్ళు చిట్లించాల్సిన పని లేదు, ముఖమంతా నీడ. ఫ్లాష్ బిగిస్తుంటే జర్కిన్ కళ్ళు తుడుచుకుంటూనే, సూర్యుడికి దివిటీ చూపిస్తున్నావా అక్కా అని ఎత్తిపొడిచింది. మొదటిసారి వెలుగు ఎక్కువై పెద్దమ్మ ముఖం పెరుగు పూసినట్టు వచ్చింది. ఫ్లాష్ బలం తగ్గించి, దాని మీద చేతిరుమాలు కట్టాను. ఎండను గెలవక్కర్లేదు, నీడను కాస్త పక్కకు జరగమంటే చాలు. ఆమె వెనక సరస్సు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అంతా ఒకే నీలం. కుమిస్ ప్రభావమో ఏమో, ఆమె స్టూలు మీద కాదు, ఆ నీలంలో తేలుతూ కూర్చున్నట్టు కనబడింది. మీట నొక్కాను. ఆ ఎండలో ఫ్లాష్ వెలిగినట్టే తెలియలేదు.

కెమెరా వెనక తెరకు నా తలగుడ్డ అంచు అడ్డం పెట్టి రెండూ చూపించాను. మొదటిది చూసి తల ఊపింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. అందులో ముడతలన్నీ ఉన్నాయి, ముడతల మధ్య తేనెరంగు కళ్ళు రెండు, ఒక్కోదానిలో చిన్న చుక్కంత వెలుగు. గుర్రాల మంద ఒకటి మా పక్కనుంచి నీళ్ళ వైపు వెళ్ళిపోయింది, డెక్కల చప్పుడు పోయేదాకా ఆమె అలాగే చూస్తూ ఉంది.

"పదకొండేళ్ళ నుంచి చీకట్లో కూర్చున్నాడు మనిషి," అంది చివరికి, "నేనూ గుడ్డిదాన్నై వెళితే ఆయన చెయ్యి పట్టుకునేదెవరే?"

నేను కెమెరా తుడుస్తున్నట్టు తల దించుకుని ఏడ్చాను. పెద్దమ్మకు అదేమీ పట్టలేదు. రాతిలో తన చోటు ఎడమ సగమేనా అని కోడల్ని అడిగింది. అవునంది జర్కిన్. అయితే ఆయన తన ఎడమ చేతి వైపు ఉంటాడన్నమాట అని లెక్క వేసుకుంది. చెక్కేవాడు కళ్ళను తన ఇష్టం వచ్చినట్టు తిప్పడు కదా అని నా దగ్గర రూఢి చేసుకుంది.

"మళ్ళీ తియ్యి. ఇందులో నిన్ను చూస్తున్నాను."

తలపాగా సర్దుకుని, ముఖం నావైపే ఉంచి, కళ్ళు మాత్రం తన ఎడమ పక్కనున్న ఖాళీ గడ్డి వైపు తిప్పింది. కొత్త కోడలు సిగ్గుపడినట్టు పెదవి చివర కొంచెం కదిలింది. నేను మీట నొక్కాను.